ప్లేటు చేతికిస్తే ఏడుపొచ్చిందన్న అక్కకు

అనంతపురం పాతూరు నుంచి ఒక అక్క ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు, అందుకే అక్కా అనే పిలుస్తాను, నాకంటే ఆరేళ్లు పెద్ద. నాలుగు పేజీలు రాశారు, అంతా వేయడానికి చోటు చాలదు, సంగతి మాత్రం చెప్తాను.

ఆమెకు 69 ఏళ్లు, సర్కారు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆయనకు 76, బట్టల అంగడి నడిపేవారు, నాలుగేళ్ల కిందట మూసేశారు. కొడుకు అమెరికాలో, కూతురు బెంగళూరులో. మామగారు కట్టిన ఇల్లు, పై పోర్షన్ అద్దెకిచ్చి కింద వీళ్లిద్దరే ఉంటారు. మొన్న జనవరిలో తెల్లవారి నాలుగున్నరకు కొళాయి నీళ్లొచ్చే వేళని లేచి, సంపులోకి నీళ్లు వదిలి, కాళ్లు కడుక్కుందామని బాత్‌రూమ్‌లోకి పోయి జారిపడ్డారు. లోపల గడియ వేసుకున్నారు. ఆయనకు చెవులు సరిగా వినపడవు, ముందు గదిలో నిద్ర. గంటన్నర సేపు ఆ తడి బండల మీదే పడి ఉన్నారు. సంపు నిండి నీళ్లు వీధిలోకి పారుతుంటే, ఇదేం వృథా అని కట్టేయడానికి దిగొచ్చిన పైపోర్షన్ పిల్లోడు మూలుగు విని తలుపు పగలగొట్టాడట. ఆ నీళ్లు పారకపోయి ఉంటే ఏమయ్యేదో ఆమె రాయలేదు, నేనూ రాయను.

ఎముక విరగలేదు, తుంటి కమిలింది. తలుపు బాగుచేయించి, కొత్త గడియ బిగించి, నెల రోజులు బెంగళూరులో కూతురింట్లో ఉన్నారు. అప్పుడే కూతురు దేవనహళ్లి వైపు ఒక సీనియర్ లివింగ్ చోటుకు తీసుకుపోయి చూపించింది. అందరూ అరవై దాటినవాళ్లే, ఒక గది, చిన్న హాలు, భోజనం వాళ్లదే, నర్సు ఉంటుంది, మంచం పక్కన బెల్లు ఉంటుంది. ఇద్దరికీ కలిపి నెలకు 58 వేలు, ముందుగా డిపాజిట్ 20 లక్షలు. ఆ తర్వాతది ఆమె మాటల్లోనే: "మధ్యాహ్నం భోజనానికి కూచోమన్నారు. ఒకమ్మాయి ప్లేటు తెచ్చి చేతికిచ్చింది. 47 ఏళ్లుగా లేస్తూనే ఈ పొద్దు ఏం చేయాల అనుకుంటూ లేచినదాన్ని. ఎవరో వండి ప్లేటు చేతికిస్తే నాకు ఏడుపొచ్చింది. కాలు నొప్పికి ఏడుస్తున్నా అనుకునింది నా కూతురు."

ఆయన మాట: "నా శవమే పోవాల ఈ ఇంట్లోంచి, నేను పోను. బతికుండగానే ఆశ్రమంలో ఏస్తావా నన్ను?" కొడుకు మాట: "ఊళ్లో మేం తలెత్తుకునేదెట్లా, మా దగ్గరికే వచ్చేయండి." అల్లుడి మాట: ఇల్లు ఇప్పుడే పిల్లల పేరున రాసిచ్చేస్తే ఆ తర్వాత ఎక్కడున్నా గొడవ ఉండదని. ఇంతా రాసి అక్క అడిగింది ఒక్కటే, "నేను నా స్వార్థం చూసుకుంటున్నానా?"

స్వార్థమే అక్కా, కాదని అబద్ధం ఎందుకు చెప్పాలి. నలభై ఏడేళ్లలో మొదటిసారి మీకోసం మీరు ఒకటి కోరుకున్నారు, మన ఇళ్లల్లో దానికున్న పేరు అదే. వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ మాట ఇంట్లో గట్టిగానే చెప్పండి. కానీ ఆ ఒక్క చోటికి, ఆ డిపాజిట్ కట్టి, ఇప్పటికిప్పుడు మాత్రం వెళ్లొద్దంటాను. ఎందుకో వరసగా చెప్తాను, కాస్త పొడుగవుతుంది. నేను బ్యాంకులో పింఛన్ల కౌంటరు దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని, లెక్క చూడందే ఊరుకోలేను.

ముందు ఆ ఆశ్రమం అన్న మాట సంగతి తేల్చేద్దాం. మన వైపు వృద్ధాశ్రమం అంటే ఎవరిదో పుట్టినరోజుకు పోయి అరటిపండ్లు, బ్రెడ్డు పంచి ఫొటో దిగి వచ్చే చోటు. అక్కడున్నవాళ్లు వేరే నీడ లేక ఉన్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒకటైనా, 150 మంది పట్టేలా రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టొచ్చని చెప్పింది అట్లాంటి గతిలేని పెద్దవాళ్ల కోసమే. మీరు చూసొచ్చింది మీ పింఛనుతో మీరు అద్దె కట్టి, నచ్చకపోతే తాళాలు చేతికిచ్చి వచ్చేసే ఇల్లు. దాన్ని ఆశ్రమం అంటే హాస్టల్లో చదువుకునే పిల్లలందర్నీ అనాథలన్నట్టే. మీ అబ్బాయికి కూడా ఇదే చెప్పండి, ఊళ్లో తల సంగతి పక్కన పెట్టి ఆ గంటన్నర సంగతికి ఏం చేద్దామో చెప్పమనండి. వాళ్ల దగ్గరికే పోవడం గురించి ఎక్కువ రాయను, పోయొచ్చిన మన వయసువాళ్లు మీ వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు, అడగండి. కారు నడపడం రాని మనిషి అక్కడ పాల ప్యాకెట్టుకు కూడా కొడుకు ముఖం చూడాలి, మన కార్డులేవీ అక్కడి ఆసుపత్రిలో చెల్లవు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీకు కావాల్సింది పడిపోతామన్న భయం పోవడమా, వంటింట్లోంచి బయటపడడమా? పడిన సంగతి పదిహేను లైన్లలో రాశారు, ప్లేటు సంగతి ఒకటిన్నర పేజీ రాశారు. రసంలో మిరియాలు ఎక్కువయ్యాయి, అయినా రెండోసారి పోయించుకున్నా అని కూడా రాశారు. వంటిల్లే అసలు కారణమైతే దానికి దేవనహళ్లి దాకా పోనక్కరలేదు. వచ్చే సోమవారం నుంచే వంటమనిషిని పెట్టుకోవచ్చు, లేదంటే పూటకింత అని ఇంటికి క్యారియర్ పంపేవాళ్లను మాట్లాడుకోవచ్చు. "ఆయన బయటి కూడు తినరు" అని మీరే రాశారు. మరి అక్కడ వండేదెవరు, మీ అత్తగారా? తిననంటున్న మనిషికి ముందు ఇక్కడే, ఈ ఇంట్లోనే, ఇంకొకరి చేతి పప్పు అలవాటు చేయండి. మొదటి వారం ముఖం ముడుచుకుంటారు, ఉప్పు లేదంటారు, పప్పు ఉడకలేదంటారు, మీరు మాత్రం లేచి తాలింపు పెట్టొద్దు. నెల రోజులు గడిస్తే సగం దారి నడిచినట్టే. ఇక్కడ తినకపోతే అక్కడా తినరు, గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని మీరే మళ్లీ చారు కాస్తుంటారు, నెలకు 58 వేలు కట్టి మరీ.

ఇక మా బావ సంగతి. ఇంటి మీద మమకారం అని మీరనుకుంటున్నారు, నాకట్లా అనిపించలేదు. మీరు రాసిన ఆయన రోజు చూడండి. పొద్దున ఆరింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు, ఆ తర్వాత నలుగురితో ఒక చోట కూర్చోవడం, తిరిగొస్తూ టవర్‌క్లాక్ దగ్గర టీ, ఆదివారం ఉగ్గాని బజ్జీ కట్టించుకుని రావడం, సాయంత్రం పాత అంగడి వీధిలో ఒకసారి అటూ ఇటూ నడవడం. అంగడి మూసి నాలుగేళ్లయినా ఆ వీధిలో ఆయన్ను "రాండి సావుకారీ" అనే పిలుస్తారన్నారు. దేవనహళ్లిలో ఆయన బీ 204 అంకుల్. ఇక్కడ నలుగురిలో కూర్చుంటే ఎదుటివాళ్ల మాట సగం వినపడకపోయినా అర్థమైపోతుంది, నలభై ఏళ్లుగా వింటున్న మాటలే కాబట్టి. అక్కడ కొత్త ముఖాలు, సగం కన్నడం, సగం ఇంగ్లీషు. అనంతపురంవాళ్లకు కన్నడం కొత్తేం కాదనుకోండి, రాగిముద్ద కూడా వాళ్లకీ ఉంది, మనకీ ఉంది, కానీ చెవులు వినపడని మనిషికి ఏ భాషైనా ఒకటే. భోజనాల హాల్లో వంద మంది గోలలో ఆయన ప్లేటు వైపే చూస్తూ తిని లేచి వస్తారు.

కాబట్టి ఎక్కడికి పోయినా పోకపోయినా ముందు ఆయన్ను పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించండి, వినికిడి మిషన్ పెట్టుకోవాల్సి వస్తే పెట్టించండి. రాత్రి నిద్రపోయేటప్పుడు అది తీసేస్తారు, మీ బాత్‌రూమ్ సమస్య దాంతో తీరదు, కానీ పగలు మనుషుల్లో పడతారు. "శవమే పోవాల" అన్న మాటకు మాత్రం ఎదురు చెప్పొద్దు. భయమేసినప్పుడు మన మగవాళ్లు అట్లాగే మాట్లాడతారు, దాన్ని పట్టుకుని వాదిస్తే ఆ మాట మీదే నిలబడిపోతారు.

సరే, కాగితం పెన్ను తీసుకోండి. మీ పింఛను 46 వేలు, పై అద్దె 8 వేలు. మీరు వెళ్లిపోతే కింది పోర్షన్‌కు ఒక 10 వేలు వస్తుందనుకుందాం, మొత్తం 64. అక్కడ ఇద్దరికీ కలిపి నెలకు 58 వేలు, ఇద్దరి మందులు 7 వేలు. మొదటి నెలకే వెయ్యి తక్కువ. ఇందులో ఇంటిపన్ను లేదు, ఫోన్లు లేవు, మనవరాలి పుట్టినరోజు లేదు, పెళ్లిళ్లకు చదివింపులు లేవు, అక్కడి నుంచి అనంతపురం వచ్చిపోయే చార్జీలు లేవు. ఏటా 8 శాతం పెంచుతామని వాళ్ల కాగితంలో ఉందని రాశారు. వినడానికి చిన్నదే. బ్యాంకులో మేం నోటిలెక్కకు 72ను ఆ శాతంతో భాగించేవాళ్లం, ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో వచ్చేస్తుంది. 72ను 8తో భాగిస్తే 9. మీకు 78 వచ్చేసరికి ఆ 58 వేలు లక్షా 16 వేలవుతుంది. మీ పింఛనుకు ధరలను బట్టి పెంచే డీఆర్ (కరువు భృతి) కలుస్తూ ఉంటుంది, వచ్చే ఏడు 70 నిండగానే వయసును బట్టి ఇచ్చే అడిషనల్ క్వాంటమ్ కూడా కొంత కలుస్తుంది, అయినా తొమ్మిదేళ్లలో పింఛను రెట్టింపవుతుందని నేనైతే సంతకం పెట్టలేను.

డిపాజిట్ 20 లక్షలు. మీ దగ్గరున్నదే 24. "తిరిగిచ్చేదే గదమ్మా" అన్నదట కూతురు. ఇస్తారు, వడ్డీ లేకుండా. అదే 20 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే, 2023 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరు 30 లక్షల దాకా వేయొచ్చు, 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 41 వేలు మీ ఖాతాలో పడుతుంది. అంటే నెలకు 13,600 పైన. ఆ డబ్బు వదులుకుంటున్నారు కాబట్టి మీకు నెలకు పడేది 58 అనుకోవద్దు, 71 వేల పైమాటే. పైగా మిగిలిన 4 లక్షలతో రేపు ఎవరికైనా స్టెంట్ వేయాల్సి వస్తే చేతులు చాపాలి.

ఇంకో లెక్క ఉంది, ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగనిది. మీరు ముందు పోతే? ఈ ఏర్పాటంతా మీ ఒక్కరి పింఛను మీద నడిచేది. మీ తర్వాత బావకు వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, అది మీ పింఛనంత ఉండదు. ఒక్కరే ఉంటే ఎంత తీసుకుంటారని వాళ్లనడగండి, సగానికి సగం తగ్గుతుందని ఆశపడొద్దు, తిండి డబ్బు తగ్గుతుంది కానీ గది అద్దె తగ్గుతుందా? అప్పుడు ఎనభై దాటిన మనిషి, మీకోసం ఊరు వదిలి వచ్చిన మనిషి, ఆ గది కూడా ఖాళీ చేయాల్సి వస్తే ఎక్కడికి పోతారు? మీ పీపీవో, అదే పింఛను మంజూరు కాగితం, ఒకసారి బయటికి తీసి ఆయన పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకు నెలల తరబడి తిరిగినవాళ్లను మా కౌంటరు దగ్గర చూశాను. భార్య పింఛను తర్వాత భర్తకూ వస్తుందని తెలియని పెద్దమనుషులు కూడా ఉన్నారు, ఎప్పుడూ మగవాళ్ల పింఛను ఆడవాళ్లకు రావడమే చూసి ఉంటారు కదా.

మా పిన్నమ్మ సంగతి చెప్పకుండా ఉండలేను. చోటు పేరు చెప్పను. 72 ఏళ్లప్పుడు ఇట్లాంటి చోటే చేరింది, ఒక్కతే. గుప్పెడంత ఎత్తున్న చిన్న రోలు కూడా మోసుకుపోయింది, ఊరిమిండి మిక్సీలో వేస్తే ఆమెకు గొంతు దిగదు. పొద్దున పదింటికి వేయించిన చెనిక్కాయలు, ఎండు మిరపకాయలు, తెల్లగడ్డ వేసి దంచుతుంటే కింది గదాయన చప్పుడని ఆఫీసులో కంప్లయింటు రాసిచ్చాడు. పిన్నమ్మ ఒక స్టీలు గిన్నెలో ఆ ఊరిమిండే పంపింది. రెండు వారాలకు ఆయనే "ఈ రోజు దంచలేదే" అని అడగడం మొదలుపెట్టాడట. రెండేళ్లు చాలా బాగుంది. ఫోన్ చేస్తే "ఉండు, భజన టైమైంది" అని పెట్టేసేది, మాతో మాట్లాడే తీరికే లేదు. మా చిన్నాయన పోయాక ఆమె అంత గట్టిగా నవ్వడం అక్కడే విన్నాను.

మూడో ఏడు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేసరికి ఆఫీసువాళ్లు, మర్యాదగానే, "మా దగ్గర తమ పని తాము చేసుకునేవాళ్లకేనమ్మా, మంచం పట్టినవాళ్లకు ఏర్పాటు లేదు" అన్నారు. కాగితం తీసి చూస్తే నిజంగానే ఉంది, పదకొండో పేజీలో. సంతకం పెట్టింది మా తమ్ముడు, చదివింది ఎవరూ లేరు, నేను కూడా, బ్యాంకులో అన్నేళ్లు పనిచేసి కూడా. పదిహేను రోజుల్లో ఖాళీ చేశాం. డిపాజిట్ రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, గోడలకు రంగులని, ఇంకేవో అని కోసుకుని ఇచ్చారు. ఆమె మా ఇంట్లోనే పోయింది. రోలు మా పెరట్లో ఉంది.

అందుకే అడగాల్సింది అడగండి, నోటిమాటగా వద్దు, కాగితం మీద. ఇవన్నీ ఒకే రకం చోట్లు కావు. ఇండిపెండెంట్ లివింగ్ అంటే తిరిగే కాళ్లున్నవాళ్లకు. అసిస్టెడ్ లివింగ్ అంటే స్నానం, మందులు, బట్టలు మార్చడం ఒకరు దగ్గరుండి చూసేది, దానికి డబ్బు వేరే. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లను చూసుకునే ఏర్పాటు ఇంకా వేరే, అది కొన్ని చోట్లే ఉంటుంది. మొదటిదానికి డబ్బు కట్టి మూడోది దొరుకుతుందనుకునేవాళ్లే ఎక్కువ. పడిపోతే ఎన్ని రోజులు ఉంచుకుంటారు, సొంతంగా ఆయమ్మను పెట్టుకోనిస్తారా, ఆమె తిండికి ఎవరు కట్టాలి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు, దేనికి కోస్తారు, నిర్వహించే కంపెనీ మారిపోతే మన ఒప్పందం ఏమవుతుంది, ఇవన్నీ. కొనుక్కునే ఫ్లాటైతే, అందులోనూ ఇంకా కడుతున్నదైతే, రెరా నంబరు, అంటే ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో ఈ రిటైర్‌మెంట్ హోముల కోసమే నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, అమ్మేవాళ్లు, సేవలు చూసేవాళ్లు, మీరు, ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలన్నది అందులో ఉంది. ఆ మార్గదర్శకాలు నమూనా కాగితమే అయినా వాళ్ల ముందు పెట్టి అడగొచ్చు, హెడ్మిస్ట్రెస్ చేసినవారు, అడగడం మీకు నేను నేర్పాలా.

నా సలహా ఇంతే. డిపాజిట్ లేకుండా, నెల అద్దె మీద, ఒక నెల ఉండి చూడండి. చాలా చోట్ల గెస్టు గది ఇస్తారు, లేదంటే అట్లా ఇచ్చే చోటే వెతుక్కోండి. ఆయనతో "ఆశ్రమం" అనొద్దు, "మారుతున్నాం" అని కూడా అనొద్దు, ఎండాకాలం మనూళ్లో ఎట్లా మండిపోతుందో తెలుసు కదా, ఆ నెల రోజులు చల్లగా ఉండొద్దాం, అమ్మాయికి దగ్గరగా ఉంటాం అనండి. అది అబద్ధం కూడా కాదు. అక్కడున్నన్ని రోజులు చూడాల్సినవి చూడండి. ఆదివారం ఎంతమంది పనివాళ్లు వస్తారు, రాత్రి భోజనం ఎన్నింటికి, రాత్రి రెండింటికి బెల్లు కొడితే ఎవరు వస్తారు, ఎంతసేపటికి వస్తారు. నిజంగా కొట్టండి, తల తిరుగుతోందని చెప్పండి, ఏమీ అనుకోరు. లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా, బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకుంటుందా అని కూడా చూడండి, లోపలికి తెరుచుకునేదైతే మనిషి దానికి అడ్డం పడితే ఎవరూ తీయలేరు. అక్కడికి జంటగా వచ్చి ఒక్కరుగా మిగిలినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చుని టీ తాగండి. బ్రోచరు చెప్పనివన్నీ వాళ్లు చెప్తారు.

ఇంకొక సంగతి, మీరు రాష్ట్రం దాటుతున్నారు. మీకున్న ఈహెచ్‌ఎస్ కార్డు, మన రాష్ట్ర ఉద్యోగుల, పింఛనుదారుల వైద్యం కార్డు, ఆ దగ్గర్లోని ఆసుపత్రిలో తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. లైఫ్ సర్టిఫికెట్‌కు మాత్రం దిగులు లేదు, జీవన్ ప్రమాణ్ ఎక్కడి నుంచైనా ఇవ్వొచ్చు, ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు. బెంగళూరు ఒక్కటే దారని కూడా అనుకోవద్దు. పుట్టపర్తిలో పెద్ద వయసులో వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది ఉన్నారు, 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి అక్కడే ఉంది, వైద్యానికి డబ్బు తీసుకోరు, భాష మనదే, బావకు పాతూరు మీద గాలి మళ్లితే పొద్దున బస్సెక్కి వచ్చి టవర్‌క్లాక్ దగ్గర టీ తాగి సాయంత్రానికి వెళ్లిపోవచ్చు. లేదంటే అనంతపురంలోనే లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్‌లోకి మారి, వంటకు ఒకరిని, పగలంతా తోడుండడానికి ఒకరిని పెట్టుకుంటే ఎంతవుతుందో అదీ లెక్క వేయండి. 58 వేలు కాదని నేను పందెం కడతాను. అయితే అక్కడ ఆ పనిమనిషి రాని రోజు ప్లేటు మళ్లీ మీ చేతుల్లోంచే రావాలి, అది కూడా నిజం.

అల్లుడి సలహా చివరికి పెట్టాను, కోపం కొంచెం తగ్గాక రాద్దామని. ఇల్లు ఇప్పుడే ఎవరికీ రాసివ్వొద్దు. కొడుక్కి వద్దు, కూతురికి వద్దు, ఇద్దరికీ సగం సగం కూడా వద్దు. అమ్మొద్దు కూడా. మీ పిల్లలు చెడ్డవాళ్లని కాదు, రేపు ఆ చోటు నచ్చక తిరిగి రావాలంటే మీకున్నది ఆ ఇల్లే. అది బావ పేరున ఉంది కాబట్టి ఆయన చేత వీలునామా రాయించండి, మీ తదనంతరమే పిల్లలకు పోయేలా. వీలునామా బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రిజిస్టరు చేసిన దానపత్రం అట్లా కాదు, ఒకసారి ఇచ్చేశాక వద్దనుకుంటే కోర్టుల చుట్టూ తిరగాలి. 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది, చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ దానపత్రం చెల్లదని ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్లో అడగొచ్చు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి కేసులో అట్లాగే కొడుక్కిచ్చిన దానపత్రం రద్దు చేసి ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. కానీ ఆమె అందుకోసం సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది అక్కా. మనకెందుకు ఆ తిప్పలు. ఇంట్లో ఎవరైనా సంతకం కోసం మరీ ఒత్తిడి పెడితే 14567కు ఫోన్ చేయండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, డబ్బు పడదు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతారు. అల్లుడికి మాత్రం నవ్వుతూ "ఆలోచిస్తాం నాయనా" అని చెప్పండి, ఆ ఆలోచన పదేళ్లు సాగినా ఎవరూ ఏమీ చేయలేరు.

ఇవన్నీ అయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా మీరు ఆ ఇంట్లోనే ఉంటారు, ఆ నాలుగున్నర నీళ్లకే లేస్తారు. అద్దెకున్న పిల్లోడికి నీళ్ల వాల్వు పని అప్పజెప్పి అద్దెలో ఐదొందలు తగ్గించండి, పై ఇంటివాళ్లకు మీ వాకిలి తాళం ఇంకొకటి ఇచ్చి పెట్టండి, కమోడ్ పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించమని తాపీ మేస్త్రీకి చెప్పండి. ఇంకొకటి, ఉత్తరం రెండుసార్లు చదివాక కనపడింది. తలుపు బాగుచేయించినప్పుడు కొత్త గడియ బిగించామని రాశారు, పాతదానికంటే గట్టిదని కూడా రాశారు. ఇద్దరే ఉండే ఇంట్లో ఎవరికోసం ఆ గడియ? స్క్రూ డ్రైవర్ ఉంటే ఈ సాయంత్రమే తీసేయమని ఆ పిల్లోడికి చెప్పండి.